కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు ఒకటే, దాని వెనక ప్రభుత్వాలు మూడు: ఇంగ్లాండ్‌లో బరో కౌన్సిల్ ఎలా నడుస్తుంది

ఏటా మార్చి నెలలో ఇంగ్లాండ్‌లో ఇంటింటికీ కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద వేసే స్థానిక పన్ను) బిల్లు వస్తుంది. సర్రే కౌంటీలోని వోకింగ్‌లో ఉండేవాళ్లకు వచ్చే కవరు మీద వోకింగ్ బరో కౌన్సిల్ పేరుంటుంది. డబ్బు కట్టాల్సింది వాళ్లకే. కట్టకపోతే కోర్టుకు లాగేదీ వాళ్లే. కవరు విప్పి బిల్లు వరస వరసగా చదివితే మాత్రం లెక్క వేరేగా కనిపిస్తుంది. మొత్తంలో దాదాపు ముప్పావు భాగం సర్రే కౌంటీ కౌన్సిల్‌కి పోతుంది. మిగిలిన పావులో సగానికి పైగా సర్రే పోలీసుకు. అదంతా పోను వోకింగ్ బరోకి దక్కేది సుమారు ఎనిమిదో వంతు.

బిల్లు మీద పేరు వోకింగ్‌ది కాబట్టి రోడ్డు మీద గుంత పడినా, పిల్లాడికి స్కూల్లో సీటు దొరక్కపోయినా, మంచాన పడిన అమ్మకు ఇంటికొచ్చి చూసే మనిషి కావాలన్నా జనం ముందు వోకింగ్‌కే ఫోన్ చేస్తారు. ఆ మూడు పనులూ వోకింగ్‌వి కావు. బరో కౌన్సిల్‌తో పడే తిప్పల్లో చాలా భాగం ఇలా తప్పు తలుపు తట్టడం వల్ల, లేదా సరైన తలుపే గడువు దాటాక తట్టడం వల్ల వచ్చేవే.

బరో అన్న పేరు

బరో అనేది ఒక హోదా. రాజు ఇచ్చే చార్టర్ అనే అధికార పత్రంతో వస్తుంది. 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం ఏ జిల్లా కౌన్సిల్ అయినా ప్రత్యేకంగా సమావేశమై, మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానించి ఆ హోదా కోరవచ్చు. హోదా వస్తే కౌన్సిల్ చైర్మన్‌ని మేయర్ అని పిలుస్తారు. అంతకు మించి కొత్త అధికారం ఒక్కటీ రాదు. అందుకని బరో అన్న పేరు చూసి ఆ కౌన్సిల్ ఏ పనులు చేస్తుందో చెప్పలేం.

ఆ పేరు కింద నాలుగు రకాల కౌన్సిళ్లున్నాయి. లండన్‌లో 32 బరోలు. హారో, హౌన్స్‌లో, న్యూహామ్ లాంటివి ఇందులోకి వస్తాయి. బోల్టన్, సొలిహల్ లాంటి మెట్రోపాలిటన్ బరోలు రెండో రకం. స్లౌ, రెడింగ్ లాంటి యూనిటరీ బరోలు మూడోవి. 1998 ఏప్రిల్ 1న బెర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌ని రద్దు చేసినప్పుడు ఆ కౌంటీ పనులన్నీ వీటికి వచ్చాయి. ఈ మూడు రకాల్లోనూ స్కూళ్లు, వృద్ధుల సంరక్షణ, రోడ్లు, చెత్త, ప్లానింగ్ (కట్టడాలకు అనుమతులు) దాదాపు అన్నీ ఒకే కౌన్సిల్ చూస్తుంది. నాలుగో రకం వోకింగ్, గిల్‌ఫర్డ్, వాట్‌ఫర్డ్ లాంటివి. వీటి పైన కౌంటీ కౌన్సిల్ ఉంటుంది, పనులు రెండు అంచెలుగా పంచుకుంటారు.

మీది ఏ రకమో తేల్చుకోవడానికి బిల్లు చూస్తే చాలు. కౌంటీ కౌన్సిల్ పేరుతో ఒక వరస ఉంటే మీరు రెండంచెల ప్రాంతంలో ఉన్నట్టు. లేకపోతే మీ బరోనే అన్నిటికీ దిక్కు. లండన్‌లో కౌంటీ బదులు నగరం మొత్తానికి ఉన్న గ్రేటర్ లండన్ అథారిటీ వరస కనిపిస్తుంది. పల్లెటూళ్లలో పారిష్ కౌన్సిల్ (ఊరి స్థాయి చిన్న కౌన్సిల్) వాటా అని ఇంకో చిన్న వరస ఉండొచ్చు.

చెత్త ఎత్తేది ఒకరు, పారబోసేది ఇంకొకరు

రెండంచెల పంపకం ఎంత చిత్రంగా ఉంటుందో చెత్త దగ్గర బాగా తెలుస్తుంది. ఇంటి ముందు పెట్టిన బిన్ ఖాళీ చేయడం బరో బాధ్యత. ఆ చెత్తను తగలబెట్టడమో పూడ్చడమో కౌంటీ బాధ్యత. పాత సోఫా, విరిగిన మంచం మనమే కారులో తీసుకెళ్లి పడేసే రీసైక్లింగ్ సెంటర్ కౌంటీది. ఆ సోఫానే ఇంటికొచ్చి తీసుకెళ్లమంటే మాత్రం బరోకి డబ్బు కట్టి బుక్ చేసుకోవాలి. వీధి ఊడ్చేది బరో, ఆ వీధిలో తారు వేసేది కౌంటీ. ఎమ్25, ఎ3 లాంటి పెద్ద రోడ్లయితే రెండింటికీ సంబంధం లేదు, అవి నేషనల్ హైవేస్ అనే జాతీయ సంస్థవి. ఇక నల్లా నీళ్లు, మురుగు కాలవ లైను ఏ కౌన్సిల్ చేతిలోనూ లేవు. వాటిని ప్రైవేటు వాటర్ కంపెనీలు చూస్తాయి. మన దగ్గర నీళ్లు రాకపోతే మున్సిపాలిటీని అడగడం అలవాటు. ఇక్కడ ఆ ఫోన్ కంపెనీకే చేయాలి.

రీసైక్లింగ్ బిన్ ఖాళీ చేయకుండా వదిలేసి వెళ్లారంటే ముందు దాని పిడికి ట్యాగ్ కట్టారేమో చూడాలి. డైపర్లు, అన్నం మెతుకులు అంటుకున్న డబ్బాలు, ప్లాస్టిక్ సంచిలో కట్టి పడేసిన కాగితాలు, ఈ మూడింట్లో ఏదో ఒకటి కనిపించినా సిబ్బంది ఆ బిన్ ముట్టుకోరు. అలాంటివి బండిలో పడితే లోడు మొత్తం పాడవుతుంది, రీసైక్లింగ్ ప్లాంటు వాళ్లు దాన్ని తిప్పి పంపుతారు. ట్యాగ్ లేకుండా వదిలేస్తే అది కౌన్సిల్ తప్పు. ఆ రోజో మర్నాడో వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. చాలా కౌన్సిళ్లు ఒకటి రెండు పని దినాలు దాటితే ఫిర్యాదు తీసుకోవు. 2026 మార్చి 31 నుంచి ఇంగ్లాండ్‌లో ఇళ్ల నుంచి వంటింటి చెత్తను వారం వారం విడిగా తీసుకెళ్లాలన్న నిబంధన కూడా ఉంది.

గుంత సంగతి ఇంకాస్త వివరంగా చెప్పుకోవాలి. గుంతలో పడి కారు టైరు పగిలితే రోడ్డు ఎవరిదో వాళ్ల దగ్గర నష్టపరిహారం అడగొచ్చు. కానీ 1980 నాటి హైవేస్ చట్టంలో 58వ సెక్షన్ కౌన్సిల్‌కి అండగా ఉంటుంది. క్రమం తప్పకుండా రోడ్డు తనిఖీ చేస్తున్నామని, ఈ గుంత సంగతి మాకు తెలియదని కౌన్సిల్ చూపించగలిగితే పైసా ఇవ్వక్కర్లేదు. అంతకు ముందే ఎవరో ఆ గుంత గురించి ఫిర్యాదు చేసి ఉండి, సరైన వ్యవధిలో బాగు చేయకపోతే ఆ రక్షణ బలహీనపడుతుంది. అంటే ఈ రోజు మీరు నమోదు చేసే ఫిర్యాదు రేపు ఇంకొకరి టైరుకు సాక్ష్యం. గుంత పక్కన టేపు పెట్టి ఫోటో తీసి, ఏ ఇంటి నంబరు ఎదురుగానో రాసి, వచ్చిన రెఫరెన్స్ నంబరు దాచుకోవాలి. లోతు 40 మిల్లీమీటర్లు దాటిందా అన్నది చాలా కౌన్సిళ్లు పెట్టుకున్న కొలత.

నిర్ణయం ఎవరి చేతిలో

వోకింగ్‌లో 10 వార్డులు, వార్డుకి ముగ్గురు చొప్పున 30 మంది కౌన్సిలర్లు. పదవీకాలం నాలుగేళ్లు. అందరికీ ఒకేసారి ఎన్నిక జరిగేది కాదు, ఏటా మూడో వంతు సీట్లకు పెట్టి నాలుగో ఏట కౌంటీ ఎన్నికలకు వదిలేసేవారు. చాలా చోట్ల నాలుగేళ్లకోసారి అన్ని సీట్లకూ కలిపే పెడతారు. కౌన్సిలర్లకు జీతం ఉండదు, భత్యం ఉంటుంది. చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు సమావేశాలకు వస్తారు.

మెడలో బంగారు గొలుసు వేసుకుని స్కూలు వార్షికోత్సవాలకు వచ్చే మేయర్ చాలా బరోల్లో గౌరవ పదవి మాత్రమే. ఏటా మే నెల సమావేశంలో కౌన్సిలర్లే తమలో ఒకరిని ఆ పదవికి ఎన్నుకుంటారు. ఆ మేయర్ కౌన్సిల్ సమావేశానికి అధ్యక్షత వహిస్తారు. అసలు అధికారం లీడర్ దగ్గర ఉంటుంది. 2000 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం వచ్చాక చాలా కౌన్సిళ్లలో లీడర్, ఆయన ఎంచుకున్న కేబినెట్ కలిసి పాలిస్తున్నారు. లీడర్‌తో కలిపి కేబినెట్‌లో 10 మందికి మించకూడదు. వాట్‌ఫర్డ్, బెడ్‌ఫర్డ్, న్యూహామ్, క్రాయిడన్ లాంటి కొన్ని చోట్ల మేయర్‌ని ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. అక్కడ మేయరే పాలకుడు. రెండు రకాల వాళ్లనూ మేయర్ అనే అంటారు కాబట్టి అర్జీ పెట్టే ముందు మీ ఊళ్లో ఉన్నది ఏ రకమో చూసుకోవడం మంచిది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. హైదరాబాద్‌కో విజయవాడకో మున్సిపల్ కమిషనర్‌ని రాష్ట్ర ప్రభుత్వం పంపిస్తుంది. ఇంగ్లాండ్‌లో చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ని కౌన్సిలర్లే ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి నియమించుకుంటారు. పై ప్రభుత్వానికి ఆ నియామకంలో పాత్ర లేదు. ముగ్గురు అధికారులు మాత్రం ప్రతి కౌన్సిల్లోనూ చట్టరీత్యా ఉండాలి. సిబ్బందికి పెద్ద, సాధారణంగా చీఫ్ ఎగ్జిక్యూటివే. ఖజానాకు కాపలాగా సెక్షన్ 151 అధికారి. కౌన్సిల్ చట్టం దాటకుండా చూసే మానిటరింగ్ ఆఫీసర్. కౌన్సిలర్ల ప్రవర్తన మీద ఫిర్యాదు వెళ్లేది కూడా ఈ మూడో అధికారికే.

కౌన్సిలర్ ఒక్కడే ఏ అధికారికీ ఆర్డరు వేయలేడు. హౌసింగ్ జాబితాలో మీ పేరు పైకి జరపలేడు. చేయగలిగింది వేరే ఉంది. మీ కేసు ఎక్కడ ఆగిందో అడిగి జవాబు రాబట్టగలడు, సభలో ప్రశ్న వేయగలడు, తోటి సభ్యులతో కలిసి కేబినెట్ నిర్ణయాన్ని ఆపి పరిశీలనకు తెప్పించగలడు. దీన్ని కాల్-ఇన్ అంటారు. నిర్ణయం ప్రచురించాక సాధారణంగా 5 పని దినాల లోపు తగినంత మంది సభ్యులు కోరితే కేబినెట్ పనిని తనిఖీ చేసే కౌన్సిలర్ల స్క్రూటినీ కమిటీ దాన్ని ముందేసుకుని కూర్చుంటుంది. ఆ కమిటీ నిర్ణయాన్ని రద్దు చేయలేదు, మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపగలదు. బహిరంగంగా కారణాలు చెప్పాల్సి వస్తే చాలాసార్లు నిర్ణయం ఎంతో కొంత మారుతుంది.

ముఖ్యమైన నిర్ణయం ఏదైనా 28 రోజుల ముందు నోటీసులో పెట్టాలి. సమావేశం ఎజెండా, నివేదికలు 5 పూర్తి పని దినాల ముందు బయట పెట్టాలి. లైబ్రరీయో, డే సెంటరో మూసేస్తున్నారని పేపర్లో చదివి గుమ్మం దగ్గర ధర్నా చేసేసరికి ఈ రెండు నోటీసులూ వచ్చి వెళ్లిపోయి ఉంటాయి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రాబోయే నిర్ణయాల జాబితా నెలకోసారి చదివే మనిషి వీధికొకరు ఉంటే ఆ వీధికి అంతకన్నా మేలు లేదు.

బడ్జెట్ కూడా అంతే. కౌన్సిల్ ట్యాక్స్ ఎంతో తేల్చే అధికారం కేబినెట్‌కి లేదు, సభ మొత్తం ఓటు వేయాలి. మార్చి 11 రాకముందే అది జరగాలి. ఎవరు ఎటు ఓటేశారో పేరు పేరునా నమోదు చేస్తారు. రెండు నెలలు లేదా అంతకు మించి తన ఇంటి కౌన్సిల్ ట్యాక్స్ బాకీ పడిన కౌన్సిలర్ ఆ రోజు లేచి ఆ సంగతి చెప్పాలి, ఓటు వేయకూడదు. వేస్తే నేరం. 1992 నాటి స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టంలోని ఈ నిబంధన ఇంగ్లాండ్ స్థానిక పాలనలో మెచ్చుకోదగ్గ వాటిలో ఒకటి. కానీ ఫిబ్రవరి చివర్లో సభ కూర్చునే సమయానికి అంకెలన్నీ కుదిరిపోయి ఉంటాయి. ఏ ఖర్చు తగ్గించాలన్న బేరసారాలు నవంబరు నుంచి జనవరి దాకా నడుస్తాయి. ఏదైనా చెప్పదలిస్తే అప్పుడే చెప్పాలి.

పక్కింటివాళ్లు ఇల్లు పెంచుతామంటే

కౌన్సిల్‌తో మామూలు కుటుంబానికి నేరుగా పని పడేది ఎక్కువగా ప్లానింగ్ దగ్గరే. పక్కింటివాళ్లు దరఖాస్తు పెడితే మీకు ఉత్తరం రావొచ్చు, లేదా వీధి స్తంభానికి నోటీసు కట్టొచ్చు. అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు ఇస్తారు. చిన్న దరఖాస్తులు 8 వారాల్లో, పెద్దవి 13 వారాల్లో తేల్చాలి.

అన్నిటికీ దరఖాస్తు అక్కర్లేదు. అతికి ఉన్న ఇంటికి వెనక వైపు 3 మీటర్లు, విడి ఇంటికి 4 మీటర్ల వరకూ ఒక అంతస్తు గది కట్టుకోవడానికి, మిగతా షరతులకు లోబడితే, అనుమతి అడగక్కర్లేదు. ఫ్లాట్లకు ఈ వెసులుబాటు వర్తించదు. కన్జర్వేషన్ ఏరియాల్లోనూ (పాత కట్టడాల తీరు కాపాడే ప్రాంతాలు), ఈ హక్కును కౌన్సిల్ ఉపసంహరించిన వీధుల్లోనూ విడిగా కనుక్కోవాలి.

అభ్యంతరాల ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించే మాటలు రెండు: మా ఇంటి విలువ పడిపోతుంది, మా కిటికీలోంచి కనిపించే దృశ్యం పోతుంది. ఈ రెండింటినీ ప్లానింగ్ చట్టం లెక్కలోకి తీసుకోదు. అలాంటి ఉత్తరాలు వంద వచ్చినా ఫలితం లేదు. వెలుతురు తగ్గడం, పడకగదిలోకి నేరుగా చూపు పడటం, పార్కింగ్, రద్దీ, శబ్దం, చుట్టుపక్కల ఇళ్ల తీరుకు పొసగకపోవడం లెక్కలోకి వస్తాయి. మీ వంటింటి కిటికీ మధ్య నుంచి కొత్త గోడ పైఅంచు దాకా 45 డిగ్రీల గీత గీసి చూపించిన ఒక్క ఉత్తరం బరువు, ఒకే మాట కాపీ కొట్టి పంపిన నలభై ఉత్తరాలకు రాదు.

దరఖాస్తుల్లో అత్యధిక భాగం అధికారుల దగ్గరే తేలిపోతాయి. కమిటీ దాకా వెళ్లాలంటే చాలా చోట్ల మీ వార్డు కౌన్సిలర్ గడువులోగా అడగాలి. కమిటీలో పౌరులకు మాట్లాడే సమయం సాధారణంగా 3 నిమిషాలు, ముందే పేరు ఇవ్వాలి. అక్కడ కూర్చున్న కౌన్సిలర్లు ముందుగానే మనసు స్థిరపరచుకుని రాకూడదు. అందుకే కమిటీ సభ్యుడు మీతో ఫోన్లో మీ పక్షమేనని మాట ఇవ్వడు. ఇస్తే ఓటు వేయకుండా పక్కకు తప్పుకోవాల్సి రావొచ్చు.

ఇక్కడ ఒక అసమానత ఉంది. అనుమతి నిరాకరిస్తే దరఖాస్తుదారుకు కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి అప్పీలు చేసుకునే హక్కుంది. అనుమతి ఇస్తే పక్కింటివాళ్లకు అప్పీలే లేదు. ప్రక్రియలో చట్టవిరుద్ధం ఉంటే 6 వారాల్లో హైకోర్టుకు వెళ్లడం ఒక్కటే దారి, అది ఖరీదైన దారి. కాబట్టి ఆ 21 రోజులే అభ్యంతరం చెప్పేవాళ్లకు దక్కే అసలు అవకాశం.

వోకింగ్ ఎందుకు కూలింది

2023 జూన్‌లో వోకింగ్ బరో కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు జారీ చేసింది. ఆదాయానికి మించి ఖర్చు పెడుతున్నామని ఖజానా అధికారి చట్టప్రకారం ప్రకటించడమే ఆ నోటీసు. దానితో తప్పనిసరి సేవలు, ముందే రాసుకున్న ఒప్పందాలు తప్ప కొత్త ఖర్చులన్నీ ఆగిపోతాయి. 21 రోజుల్లో సభ కూర్చుని ఏం చేస్తుందో చెప్పాలి. ఇంగ్లాండ్‌లో కౌన్సిల్ కంపెనీలాగా దివాలా తీసి మూతపడదు. బిన్నులు తీస్తూనే ఉంటారు, జీతాలు ఇస్తూనే ఉంటారు.

అంకెలు చూస్తే గుండె జారుతుంది. ఏడాదికి 1.6 కోట్ల పౌండ్ల బడ్జెట్ ఉన్న చిన్న కౌన్సిల్‌కి 120 కోట్ల పౌండ్ల లోటు తేలింది. అప్పు 180 కోట్లు. ఆగకపోతే 260 కోట్లకు చేరుతుందని అంచనా. విక్టోరియా స్క్వేర్ పేరుతో ఊరి మధ్య ఆకాశాన్నంటే భవనాలు, హోటల్, దుకాణాలు కట్టడానికి కౌన్సిల్ ప్రభుత్వ రుణ సంస్థ దగ్గర తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి తన సొంత కంపెనీలకు అప్పిచ్చింది. కట్టిన ఆస్తుల విలువ పెట్టిన డబ్బుకు చాలా దూరంలో ఆగిపోయింది. అప్పు తెచ్చిన కౌన్సిల్ అసలు తీర్చడానికి ఏటా కొంత పక్కన పెట్టాలన్న నియమం ఉంది. వోకింగ్ అలా పెట్టాల్సినంత పెట్టలేదు. ఇంట్లో వడ్డీ మాత్రమే కడుతూ అసలు సంగతి మరిచిపోయి, నెల ఖర్చులు బాగానే వెళ్తున్నాయనుకోవడం లాంటిదే ఇది. ఏటా లెక్కలు సరిపోయినట్టే కనిపించాయి.

2024-25లో పన్ను 10 శాతం పెంచుకోవడానికి కేంద్రం అనుమతించింది. మామూలుగా వోకింగ్ లాంటి కౌన్సిల్ ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా 3 శాతం లేదా 5 పౌండ్లు, ఏది ఎక్కువైతే అంతవరకే పెంచగలదు. కానీ ఆ 10 శాతం కూడా బిల్లులో ఎనిమిదో వంతు మీదే. వందల కోట్ల అప్పు ముందు అది ఏపాటి? అందుకే కేంద్రం నియమించిన కమిషనర్ల పర్యవేక్షణలో సిబ్బందిని తగ్గించారు, స్థానిక సంస్థలకు ఇచ్చే గ్రాంట్లు కోశారు. స్లౌ 2021 జూలైలో, క్రాయిడన్ 2020 నవంబరులో ఇలాంటి నోటీసే ఇచ్చాయి. కారణాలు ఒక్కో చోట ఒక్కో రకం, కానీ కౌన్సిల్ తన తాహతుకు మించిన వ్యాపారం చేయడం, స్క్రూటినీ కమిటీకి పూర్తి లెక్కలు అందకపోవడం మళ్లీ మళ్లీ కనిపించే జబ్బులు.

కౌన్సిల్ ఖాతాలు చూసే హక్కు అక్కడి వాళ్లకు చట్టంలోనే ఉంది. ఏటా 30 పని దినాల పాటు బిల్లులు, ఒప్పందాలు, రసీదులు తెరిచి చూపించాలి. ఓటరుగా నమోదైన వ్యక్తి ఆడిటర్‌కు నేరుగా అభ్యంతరం రాయొచ్చు. ఈ హక్కును వాడుకునేవాళ్లు బహు తక్కువ.

మనవాళ్లకు తగిలే చిక్కులు

ముందు ఓటు. వీసా మీద ఇంగ్లాండ్‌లో చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు కామన్‌వెల్త్ పౌరులుగా ఓటు హక్కు ఉంది. స్టూడెంట్ వీసా అయినా, వర్క్ వీసా అయినా సరే, 18 ఏళ్లు నిండితే చాలు. కౌన్సిల్ ఎన్నికలకే కాదు, పార్లమెంటు ఎన్నికలకూ ఈ హక్కు వర్తిస్తుంది. పోలింగ్‌కు 12 పని దినాల ముందే పేరు నమోదై ఉండాలి. 2023 నుంచి పోలింగ్ స్టేషన్‌లో ఫోటో గుర్తింపు చూపించాలి, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. ఓటరు జాబితాలో పేరుంటే అప్పు, మొబైల్ కాంట్రాక్టు లాంటి వాటికి చిరునామా తనిఖీ కూడా సులువవుతుంది. శాశ్వత నివాసం వచ్చాక కౌన్సిలర్‌గా పోటీ కూడా చేయొచ్చు, ఆ కౌన్సిల్లోనే ఉద్యోగం చేస్తుంటే తప్ప.

తర్వాత కౌన్సిల్ ట్యాక్స్. ఇంటి బ్యాండు ఇప్పటి ధర మీద ఆధారపడదు, 1991 ఏప్రిల్ 1 నాటి ధర మీద ఆధారపడుతుంది. ఎ నుంచి హెచ్ దాకా ఎనిమిది బ్యాండులు. హెచ్ ఇల్లు డి ఇంటికి రెండింతలు, ఎ ఇల్లు డి ఇంట్లో మూడింట రెండు వంతులు కడుతుంది. ఇంట్లో లెక్కలోకి వచ్చే పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గుతుంది. ఫుల్‌టైమ్ విద్యార్థులను లెక్కలోకి తీసుకోరు, ఇంట్లో అందరూ విద్యార్థులే అయితే బిల్లే ఉండదు.

నలుగురు స్నేహితులు కలిసి ఒకే ఒప్పందం మీద ఇల్లు తీసుకుంటే బిల్లుకు అందరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు. ముగ్గురు ఖాళీ చేసి వెళ్లిపోతే కౌన్సిల్ మొత్తం సొమ్ము నాలుగో మనిషి దగ్గరే వసూలు చేయొచ్చు. గదుల వారీగా వేర్వేరు ఒప్పందాలుంటే సాధారణంగా ఇంటి యజమాని కట్టాలి. వేర్వేరు కుటుంబాలకు చెందిన అయిదుగురు లేదా అంతకు మించి ఒకే వంటగది, బాత్రూమ్ వాడుకుంటూ ఉంటే ఆ ఇంటికి యజమాని లైసెన్సు తీసుకోవాలి. ఉందో లేదో కౌన్సిల్ పట్టికలో చూడొచ్చు.

విద్యార్థులు దెబ్బతినేది ఎక్కువగా కోర్సు అయిపోయిన వేసవిలో. యూనివర్సిటీ రికార్డులో కోర్సు ముగిసిన తేదీ నుంచి మినహాయింపు పోతుంది. వీసా ఇంకా నెలల తరబడి ఉన్నా, పట్టా చేతికి రాకపోయినా అంతే. ఇల్లు మారినప్పుడు చెప్పకపోతే బిల్లు పాత చిరునామాకే పోతూ ఉంటుంది. ఒక వాయిదా తప్పితే ఏడు రోజుల గడువుతో రిమైండరు వస్తుంది. అప్పటికీ కట్టకపోతే మరో వారంలో ఏడాది మొత్తం ఒకేసారి కట్టాల్సిన బాకీ అవుతుంది. ఆపైన మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు, లయబిలిటీ ఆర్డరు (బాకీ వసూలుకు కోర్టు ఇచ్చే ఉత్తర్వు), దానికి ఖర్చులు అదనం. కట్టలేని పరిస్థితి ఉంటే సమన్లు రాకముందే ఫోన్ చేసి, ఏప్రిల్ నుంచి జనవరి దాకా ఉండే 10 వాయిదాలను 12 చేయమని అడగాలి.

వీసా మీద ప్రభుత్వ నిధులు వాడుకోకూడదన్న షరతు ఉన్నవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఒంటరి వ్యక్తికి ఇచ్చే 25 శాతం తగ్గింపు, విద్యార్థి మినహాయింపు ఆ షరతు కిందకు రావు, నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆదాయం తక్కువని ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం ఆ షరతు కిందకు వస్తుంది. దాన్ని తీసుకుంటే వీసాకు ఇబ్బంది. పిల్లల్ని ప్రభుత్వ స్కూల్లో చేర్చడానికి ఏ అడ్డూ లేదు. సెకండరీకి అక్టోబరు 31, ప్రైమరీకి జనవరి 15 లోపు దరఖాస్తు పెట్టాలి. స్కూలు పక్క కౌన్సిల్ పరిధిలో ఉన్నా దరఖాస్తు మీరుండే ప్రాంతపు కౌన్సిల్‌కే. వోకింగ్‌లో అయితే కౌంటీకి, స్లౌలో అయితే బరోకి.

ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చి, 56 రోజుల్లో నిలువ నీడ పోయే పరిస్థితి ఉంటే, అర్హత ఉన్నవాళ్లకు అది జరగకుండా సాయం చేయడం 2018 ఏప్రిల్ నుంచి బరో బాధ్యత. సామాన్లు వీధిలో పడ్డాక రమ్మని ఎవరైనా చెబితే అది తప్పు.

జవాబు రాకపోతే

ఫిర్యాదు వేరు, సేవ కోసం అడగడం వేరు. బిన్ తీయలేదని చెప్పడం సేవ అడగడం. మూడుసార్లు చెప్పినా తీయలేదని రాస్తే అది ఫిర్యాదు. ఉత్తరం మొదట్లోనే ఇది ఫిర్యాదు అని స్పష్టంగా రాయాలి, లేకపోతే దాన్ని మళ్లీ మామూలు అడుగుగానే నమోదు చేస్తారు. మొదటి దశ జవాబు నచ్చకపోతే రెండో దశకు పంపమని అడగాలి. అదీ అయ్యాక కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు స్వతంత్రంగా విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, ఖర్చు ఏమీ లేదు. సమస్య తెలిసినప్పటి నుంచి 12 నెలల లోపు వెళ్లాలి. కౌన్సిల్ మీ ఇంటి యజమాని అయి, మరమ్మతుల గురించి గొడవైతే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ వేరే ఉన్నారు. నిర్ణయం నచ్చలేదన్న కారణం ఆంబుడ్స్‌మన్ ముందు నిలవదు. నిర్ణయం తీసుకున్న పద్ధతిలో తప్పు జరిగిందని, దానివల్ల మీకు నష్టం కలిగిందని చూపించాలి. అందుకు కావాల్సిన కాగితాలు సమాచార హక్కు కింద అడిగితే 20 పని దినాల్లో జవాబివ్వాలి.

సర్రేలో ఈ రెండంచెల పద్ధతికే గడువు పడింది. కౌంటీ కౌన్సిల్‌నీ, 11 జిల్లా, బరో కౌన్సిళ్లనూ రద్దు చేసి, తూర్పు సర్రే, పశ్చిమ సర్రే అని రెండు యూనిటరీ కౌన్సిళ్లు పెట్టాలని కేంద్రం 2025 అక్టోబరులో నిర్ణయించింది. 2026 మేలో వాటికి ఎన్నికలు, 2027 ఏప్రిల్ 1న బాధ్యతల బదిలీ అన్నది ఆ పథకం. వోకింగ్ పశ్చిమ సర్రేలో కలుస్తుంది. దాని అప్పులో 50 కోట్ల పౌండ్లు తీరుస్తామని కేంద్రం మాటిచ్చింది. మిగతా అప్పు ఎవరి నెత్తిన పడుతుందన్న దిగులు గిల్‌ఫర్డ్, వేవర్లీ లాంటి పొరుగువాళ్లకు ఉంది, అది అర్థం లేని దిగులు కాదు. బిన్నూ గుంతా ఒకే కౌన్సిల్ కిందకు వస్తాయి. ప్లానింగ్ అనుమతులు, బాకీలు, నడుస్తున్న ఫిర్యాదులు కొత్త కౌన్సిల్‌కి వారసత్వంగా వెళ్తాయి. కాబట్టి పాత కౌన్సిల్ ఇచ్చిన రెఫరెన్స్ నంబర్లు, ఉత్తరాలు పారేయకుండా దాచుకోవాలి. బ్యాంకులో స్టాండింగ్ ఆర్డరు పెట్టుకుని కౌన్సిల్ ట్యాక్స్ కట్టేవాళ్లు బదిలీ తర్వాత తొలి బిల్లు మీద ఖాతా నంబరు మారిందేమో సరిచూసుకుని, ఆ తర్వాతే మొదటి వాయిదా పంపాలి.